తొట్టెల తాడుకు కట్టిన పంతులమ్మ తాయెత్తు

మా మేడం పోయారు. ఆ కబురు వచ్చినప్పుడు నేను ధరూర్ బడిలో ఏడో తరగతి పిల్లలకు అద్దంలో కుడి చెయ్యి ఎడమ చెయ్యిలా ఎందుకు కనిపిస్తుందో చెబుతున్నాను. బడి వేళలో మా అన్న ఫోన్ చెయ్యడు. చేశాడంటేనే సుద్దముక్క బల్ల మీద పెట్టి వరండాలోకి వచ్చేశాను.

"చెల్లె, మేడం పోయిందట. నాగర్‌కర్నూల్ నుంచి వాళ్ళ తమ్ముడు చేసిండు. పొద్దుగాల చాయ్ తాగుకుంట కుర్చీలనే ఒరిగిందట" అన్నాడు.

"వదినకు చెప్పినవా?"

"నాతోని కాదు. నువ్వే రా."

మా వదినకు పుట్టినప్పటి నుంచీ చెవులు వినపడవు. మాట కూడా లేదు. మా ఇంట్లో ఆమెతో అందరం చేతులతోనే మాట్లాడతాం. అది ఎవరో నేర్పిన భాష కాదు, వదిన కాపురానికి వచ్చిన తర్వాత మేమంతా కలిసి కూర్చుకున్నది. అందులో ప్రతి మనిషికీ ఒక గుర్తు ఉంటుంది. అమ్మకు నుదుటి మీద పెద్ద బొట్టు. అన్నకు మీసం. నాకు నోటి ముందు రెండు వేళ్ళు టపటపలాడించడం. ఎందుకో నేను చెప్పనక్కర్లేదు, ఇది చదవడం పూర్తయ్యేసరికి మీకే తెలుస్తుంది. మేడంకు మాత్రం నాలుక కొన మీద చూపుడు వేలు.

షేర్ ఆటోలో గద్వాల చేరి ఇంట్లోకి వెళ్ళేసరికి వదిన మగ్గం గుంటలో కూర్చుని ఉంది. నాలుక కొనకు వేలు ఆనించి, ఆ చేతినే మెల్లగా కిందికి దించి అరచెయ్యి బోర్లించాను. వదిన నా చేతిని కాదు, నా ముఖాన్ని చూసింది. పేక దారం నడిపే నాడెను పడుగు పోగుల మీద పెట్టింది. తర్వాత మగ్గం చట్రం మీద ఒకప్పుడు చిన్న దీపం కట్టి ఉన్న చోటును వేలితో తడిమింది.

ఆ దీపం సంగతి చెబితే మేడం ఎవరో మీకు చెప్పినట్టే.

మేడం నాగర్‌కర్నూల్ మనిషి. చాలా ఏళ్ళు వనపర్తిలో పాఠాలు చెప్పి, ఉద్యోగం చివరి రోజుల్లో గద్వాలకు ఫిజిక్స్ లెక్చరర్‌గా వచ్చారు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని మా అమ్మ మొదటి రోజే అడిగేసింది. "యాద్ మర్చినక్కా" అన్నారు మేడం. మా ముందుగది కిరాయికి తీసుకున్నారు. ఆమె సామానంతా ఒక ట్రంకు పెట్టె, ఒక మడత మంచం, రెండు పోపుల డబ్బాలు.

ఆ రెండు డబ్బాలూ చూడ్డానికి ఒకేలా ఉండేవి. ఒకదానిలో జీలకర్ర, ఆవాలు, మెంతులు. రెండోదానిలో చారల చారల రెసిస్టర్లు, మూడు కాళ్ళ ట్రాన్సిస్టర్లు, చిన్న చిన్న ఎర్ర పచ్చ దీపాలు. అమ్మ ఒకసారి మెంతుల కోసం వెళ్ళి రెండో డబ్బా మూత తీసింది. వెంటనే వాకిట్లోకి వచ్చి, "పంతులమ్మ పురుగులను ఎండబెట్టి దాస్కుంటుంది" అని వాడంతటికీ వినపడేలా చెప్పింది. మేడం ఆ మాటకు ఎంత నవ్వారంటే, తర్వాత కాలేజీలో మాకు ట్రాన్సిస్టర్ పాఠం చెప్పినప్పుడు కూడా "ఇగో, ఈ పురుగును చూడుండ్రి" అనే మొదలుపెట్టారు.

ఆమెకు ఇంకో అలవాటు ఉండేది. ఏ సెల్లు చేతికొచ్చినా ముందు దాన్ని నాలుకకు ఆనించి చూసేవారు. చురుక్కుమంటే బతికున్నట్టు, లేకపోతే పోయినట్టు. "మీటరు వెతికేలోపట నాలుక చెప్తది" అనేవారు. పక్కన చిన్నపిల్లలుంటే మాత్రం వెంటనే ముఖం గంటు పెట్టుకుని, "నన్ను జూసి మీరు జేస్తే వీపులు పగుల్తయి" అనేవారు. వదిన ఆమెకు నాలుక గుర్తు పెట్టింది అందుకే. ఆ సంగతి తెలిసి మేడం మురిసిపోయారు. ఇంత చక్కటి పేరు తనకు ఎవరూ పెట్టలేదట.

పాఠం చెప్పేటప్పుడు ఆమెకు ఒక మాట అస్సలు పడేది కాదు. ల్యాబులో ఎవరైనా "పని చేస్తలేదు మేడం" అన్నారో, అయిపోయారు. "పని చేస్తలేదని నాకు చెప్పకు. ఏం చేస్తుందో చెప్పు" అనేవారు. వేడెక్కుతోందా, గుయ్‌మంటోందా, వాసన వస్తోందా, ఒకసారి వెలిగి ఆరిపోతోందా. ఏదో ఒకటి చేస్తూనే ఉంటుంది, మనమే చూడడం లేదు, అనేది ఆమె లెక్క. ఈ మాటను నేను ఇప్పుడు నా పిల్లల దగ్గర వాడుతున్నాను. వాళ్ళకు కూడా అస్సలు నచ్చడం లేదు.

వదినకు ఆడపిల్ల పుట్టింది. పిల్లకు మూడో నెల నిండిన తర్వాత వదిన మళ్ళీ మగ్గం ఎక్కింది. మాది గద్వాల చీరలు నేసే ఇల్లు. నడుమ నూలు, అంచుకూ కొంగుకూ పట్టు. అంచును నూలుతో కలిపే చోట కన్ను పక్కకు పోతే చీర పోయినట్టే. ఒకే గదిలో రెండు మగ్గాలు, ఒకటి అన్నది, ఒకటి వదినది. మగ్గాలకు ఎదురుగా పడుగు గోడ దాకా పరుచుకుని ఉంటుంది, అటు పిల్లకు తొట్టెల, అదే ఉయ్యాల, కట్టే జాగా లేదు. దూలం ఉన్నది వెనక వైపే. అందుకని పిల్ల తొట్టెల వదిన వీపు వెనకాల, రెండు చేతుల దూరంలో ఉండేది.

ఒకరోజు అమ్మ పక్కింట్లో నూలు చుట్టి తిరిగి వచ్చేసరికి పిల్ల ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, ముఖం కమిలిపోయి ఉంది. తొట్టెలలో పరిచిన బట్ట మెడకు చుట్టుకుని ఉంది. వదిన అంచు కలుపుతోంది. అన్న తన మగ్గం మీద తాను ఉన్నాడు. అమ్మ పిల్లను ఎత్తుకుని కేకలు పెడితే ముందు అన్న తిరిగాడు, అన్నను చూసి వదిన తిరిగింది.

పిల్లకు ఏమీ కాలేదు. దవాఖానలో చూపించి తీసుకొచ్చాం. కానీ ఆ సాయంత్రమే అమ్మ తన నిర్ణయం చెప్పేసింది. "దాని తప్పని అంటలేను. దానికి వినపడదు, అది ఏం జేస్తది. రెండేండ్లు అయిజల పెద్దది సాకుతది. నడక, మాట వచ్చినంక తెచ్చుకుందం." పెద్దదంటే మా అక్క. అక్కకు కూడా మనసుంది, వచ్చి తీసుకుపోతానని కబురు పంపింది.

అమ్మను చెడ్డదని అనుకోకండి. ఆమె అప్పటికే ఒక బిడ్డను పోగొట్టుకున్న మనిషి. ఆమె భయం ఆమెది. కానీ అమ్మ పెదవులు కదులుతున్నంతసేపూ వదిన వాటినే చూస్తూ ఉంది. వదిన పెదవులను చదవగలదు. మరునాడు పిల్లను ఒళ్ళో కట్టుకుని మగ్గం గుంటలో కూర్చుంది. అలా నెయ్యడం కుదరదు. పిల్ల కాలు పట్టు పోగుల్లో పడింది, పోగులు తెగాయి. వదిన ఆ తెగిన పోగులను ఒక్కొక్కటీ ముడేస్తూ, ఒక చేత్తో కళ్ళు తుడుచుకుంటూ ఉంటే నేను చూడలేక బయటికి వచ్చేశాను.

మేడం వాకిట్లో బట్టలు ఆరేస్తున్నారు. అంతా చెప్పాను. వినపడదు కదా మేడం, ఏం చేస్తాం, అన్నాను.

"వినపడదని నాకు ఎందుకు చెప్తవు? ఏం కనపడతదో ఆమెనే అడుగుదం పా" అని తడి చేతులతోనే లోపలికి నడిచారు. వదిన ఎదురుగా కూర్చుని, నాతో అన్నారు, "ఆమెకు ఏం గావాల్నో అడుగు. ఆమె ఏమంటదో గదే చెప్పు. నువ్వేమనుకుంటున్నవో కలపకు."

వదిన చేతులు చెప్పాయి. వెనక ఉన్నది నాకు లేనట్టే. ముందు ఉన్నదాన్ని నేను వదలను. పిల్ల ఏడుపును వెనక నుంచి ముందుకు తెచ్చి పెట్టండి, చాలు.

మేడం చెయ్యి గడ్డం కింద పెట్టుకుని ఆ పడుగు వంకే చూశారు. "ఇది ఏడ్చే పని కాదు. ఇది చేసే పని" అన్నారు. అమ్మను పిలిచి, "అక్కా, జర ఒక నెల ఆగుండ్రి. తర్వాత మీ ఇష్టం" అన్నారు. అమ్మ సరేనంది కానీ ముఖంలో సరే లేదు.

హైదరాబాద్‌లో ఉండే పాత విద్యార్థి ఒకతను మేడంకు రెండు చిన్న బోర్డులు పంపాడు. ఒక్కొక్కటీ అగ్గిపెట్టెలో సగం కూడా లేదు. పచ్చటి రేకు లాంటి దాని మీద నల్లటి చిప్పు, పక్కన వేలెడు తీగ, వెనకాల రూపాయి బిళ్ళంత గుండ్రటి సెల్లు పట్టే చోటు. ఇంట్లో సరదాకు చిన్న చిన్న యంత్రాలు చేసుకునేవాళ్ళు వాడే బోర్డులట. మనం కంప్యూటర్‌లో రాసి నేర్పింది ఆ చిప్పు గుర్తుపెట్టుకుంటుంది. తీగలేమీ లేకుండా ఒక బోర్డు చెప్పింది ఇంకో బోర్డుకు గాలిలో అందుతుంది. తీగలు అసలు పనికిరావు, పడుగులో చిక్కుకుంటాయి. గోడ కరెంటు కూడా పనికిరాదు, అది మా ఊళ్ళో దాని ఇష్టం వచ్చినప్పుడు ఉండేది. పైగా తొట్టెల దగ్గరికి కరెంటు తీగ తెస్తే అమ్మ ఇంట్లోంచి పొమ్మనేది.

మేడం కాలేజీ కంప్యూటర్‌లో రాసుకొచ్చి, ఒక బోర్డుకు శెనగగింజంత మైకు అతికించి తొట్టెల తాడుకు కట్టారు. రెండోదానికి ఎర్ర దీపం అతికించి వదిన కళ్ళ ముందు మగ్గం చట్రానికి కట్టారు. ఏడుపు వినపడితే దీపం వెలగాలి. అన్న మగ్గం మొదలుపెట్టాడు. దీపం వెలిగింది. వదిన లేచి పరుగెత్తింది. పిల్ల నిద్రలో ఉంది. మళ్ళీ కూర్చుంది, మళ్ళీ వెలిగింది. మగ్గం దెబ్బ పడిన ప్రతిసారీ దీపం వెలుగుతోంది. సాయంత్రానికి వదినకు మోకాళ్ళు పట్టేశాయి.

"చప్పుడు వద్దు. కదలికను పట్టుకుందం" అన్నారు మేడం. పిల్ల లేస్తే కాళ్ళు ఆడిస్తుంది, తొట్టెల కదులుతుంది, అది చాలు అనుకున్నారు. కదిలితే తెలిసే చిన్న గొట్టం ఒకటి బోర్డుకు కలిపి, పిల్ల నా ఒళ్ళో ఉన్న సమయం చూసి, ఖాళీ తొట్టెలను పట్టుకుని ఊపి చూడబోయారు.

మా అమ్మ వంటింట్లోంచి ఎట్లా చూసిందో తెల్వదు, గరిటెతో సహా వచ్చి నిలబడింది. "పంతులమ్మా, ఖాళీ తొట్టెల ఊపుతరా ఎవరన్న? పిల్లకు కడుపునొస్తది. గింత సదివినవు, గిది తెల్వదా?"

వేరేవాళ్ళయితే సైన్సు చెప్పేవారు. మేడం చెయ్యి తీసేశారు. "తప్పయిందక్కా. మరి ఊపకుండ నాకెట్ల తెలుస్తది? నువ్వే తొవ్వ చెప్పు" అన్నారు.

అమ్మ ఆలోచించింది. మా వైపు పిల్లను మొదటిసారి తొట్టెలలో వేసే రోజు, ముందు సన్నెకల్లు పొత్రానికి బట్ట చుట్టి, బొట్టు పెట్టి, దాన్ని పడుకోబెట్టి ఊపుతారు. ఆ తర్వాతే పిల్లను వేస్తారు. అమ్మ లోపలికి వెళ్ళి ఆ పొత్రాన్నే కడిగి, పాత చీర ముక్క చుట్టి తెచ్చింది. "గిప్పుడు ఊపుకో" అంది. ఆ వారమంతా మా ఇంట్లో రాతిపిల్లకు తొట్టెల సేవ జరిగింది. మేడం దాన్ని ఊపడం, దీపం చూడడం, గదిలోకి వెళ్ళి బోర్డు విప్పడం. అమ్మ వచ్చిపోతూ "ఏమంటుంది నా మనవరాలు?" అని అడగడం. పొత్రాన్ని ఇచ్చిన తర్వాత ఆ పనిలో తనకూ వాటా ఉందని అమ్మకు అనిపించిందని నా అనుమానం. అమ్మ మాత్రం ఒప్పుకోదు.

రాతితో అంతా బాగానే ఉంది. పిల్లను వేసిన రోజే తేడా వచ్చింది. మా వాడలో తొట్టెల ఉన్న ఇంట్లోకి వచ్చిన మనిషి దాన్ని ఒక్క ఊపు ఊపకుండా దాటి పోదు. నీళ్ళకు వచ్చిన పక్కింటి అవ్వ ఊపింది. నూలు ఇవ్వడానికి వచ్చిన మనిషి ఊపాడు. మా అన్న కూడా చాయ్ తాగడానికి లేచి ఊపాడు. పిల్ల హాయిగా పడుకుని ఉంది, దీపం మాత్రం ఆరకుండా వెలుగుతోంది. మేడం గడప మీద కూర్చుని వచ్చేపోయే వాళ్ళను చూస్తూ నవ్వుతున్నారు. "ఈ ఊరి చేతులను ఆపే చిప్పు ఇంకా పుట్టలే" అన్నారు.

నెల దగ్గర పడుతోంది. అక్క అయిజ నుంచి ఎప్పుడు రమ్మంటారని ఫోన్ చేసింది. వదిన పిల్ల బట్టలు ఉతికి మడత పెడుతుంటే, అవి మూట కట్టడానికేమో అని నాకు భయం వేసింది.

ఆ రోజు మేడం వదిన మగ్గం పక్కన పీట వేసుకుని, అరచెయ్యి చట్రం మీద ఆనించి కూర్చున్నారు. వదిన నేస్తోంది. దెబ్బ, దెబ్బ, దెబ్బ. అప్పుడే పిల్ల లేచి ఏడుపు అందుకుంది. నేను ఎత్తుకోబోతే మేడం "ఒక్క నిమిషం ఆగు" అని చెయ్యెత్తారు. ఆమె కళ్ళు మూసుకుని ఉన్నారు. "మగ్గం దెబ్బ కొట్టి ఆగుతది. ఏడుపు సాగుతది" అన్నారు. "మనం ఎంత చప్పుడని చూసినం. ఎంతసేపని చూడలె."

మళ్ళీ మైకే పెట్టారు. ఈసారి చిప్పుకు ఓపిక నేర్పారు. పొట్టి చప్పుళ్ళు ఎన్నొచ్చినా పట్టించుకోకూడదు, సాగే చప్పుడు వస్తేనే దీపం వెలిగించాలి. మగ్గాలు రెండూ ఆడాయి, దీపం ఊరుకుంది. పిల్ల ఏడ్చింది, ఎర్రగా వెలిగింది. వదిన నాడె వదిలి, లేచి, పిల్లను ఎత్తుకుని, మా అందరి ముఖాలూ వరసగా చూసింది. ఆ రోజు ఆమె ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఏడుపు వినడం అంటే ఏమిటో ఆమె మొదటిసారి చూసింది.

అమ్మ ఇంకా ఒక మెలిక పెట్టింది. "మరి సెల్లు అయిపోతే?"

మేడంకు కోపం రాలేదు. ఆమె కూడా అదే అనుకుంటున్నారట. "దీపం వెలగలేదంటే పిల్ల పండుకున్నదన్న కావాలె, డబ్బా సచ్చిందన్న కావాలె. రెండూ ఒక్కతీర్గ కనపడొద్దు" అన్నారు. ఎర్రదాని పక్కన ఒక పచ్చ దీపం పెట్టారు. తొట్టెల దగ్గరి బోర్డు కొద్ది కొద్దిసేపటికి ఒకసారి తానున్నానని చెబుతుంది, మగ్గం దగ్గర పచ్చ దీపం ఒక్కసారి మినుకుమంటుంది. ఏ పక్క సెల్లు పోయినా ఆ మినుకు ఆగిపోతుంది. "ఏం పనిలేకున్నా ఉన్న, ఉన్న అని చెప్తుండాలె. మనుషులకు కూడా గంతే గావాలె" అన్నారు.

సెల్లు పిల్ల నోట్లోకి పోతే ప్రమాదమని, బోర్డును దళసరి నల్లబట్టలో పెట్టి నాలుగు వైపులా గట్టిగా కుట్టి, పిల్ల చెయ్యి అందని ఎత్తులో తాడుకు కట్టారు. దాంతో చూసినవాళ్ళందరూ అది తాయెత్తు అనుకున్నారు. ఏ దర్గా నుంచి తెచ్చారని పక్కింటి అవ్వ అడిగింది. "పంతులమ్మ కట్టింది" అని అమ్మ చెప్పింది, అబద్ధమేమీ కాదు. తర్వాత ఇద్దరు ముగ్గురు తమ పిల్లలకు దిష్టి తగిలిందని మేడం గది ముందుకు వచ్చి నిలబడ్డారు. అందులో ఒకామె పెబ్బేరు సంతలో కొన్న బర్రెకు కూడా ఒకటి కట్టమంది.

అక్క రానే వచ్చింది. మాటంటే మాట, అమ్మ ఆమెను ఆపలేదు. "పంతులమ్మ డబ్బా కట్టింది గద, చూసి పో. నచ్చకపోతే పిల్లను తీస్కపో" అంది. మేడం ఆ రోజు కాలేజీలో ఉన్నారు. అక్క చాలా రోజులకు వచ్చిందని మేమంతా వాకిట్లో చేరి ముచ్చట్లలో పడ్డాం. అయిజలో పత్తి సంగతి, వాళ్ళ తోటికోడలి సంగతి. లోపల మగ్గం ఆడుతోంది. పిల్ల నిద్రపోతోంది.

ఉన్నట్టుండి మగ్గం ఆగింది.

అమ్మ ముందు లేచింది, వెనక మేమందరం. వదిన తొట్టెల పక్కన నిలబడి ఉంది. ఒక చెయ్యి పిల్ల ఛాతీ మీద ఉంది, ఊపిరి చూసుకుంటోంది. పిల్ల నిద్రలోనే ఉంది. ఎర్ర దీపం వెలగలేదు, ఏడుపూ లేదు. అమ్మ ఏమైందని చెయ్యి ఆడించింది. వదిన మగ్గం వైపు చూపించింది. పచ్చ దీపం మినుకుమనడం లేదు. సెల్లు అయిపోయింది. వదిన చేతులతో అమ్మకు చెప్పింది, అది పలకడం లేదు, అందుకని నేనే వచ్చాను.

యంత్రం పని చెయ్యని రోజే యంత్రం గెలిచింది. చెవులున్న నలుగురం వాకిట్లో కూర్చుని పత్తి ధర మాట్లాడుకుంటున్నాం. అమ్మ వదిన పక్కన నేల మీద కూర్చుని, మూట కట్టి ఉంచిన పిల్ల బట్టలను విప్పి మళ్ళీ పెట్టెలో సర్దింది. "నువ్వు తిని పో బిడ్డా. పండుగకు వచ్చి చూసిపోదువు" అని అక్కతో చెప్పింది. అక్క కూడా కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

సాయంత్రం మేడం వచ్చాక ఈ సంగతంతా చెప్పడానికి నేను పోటీపడ్డాను. ఆమె విని, సెల్లు తీసి నాలుకకు ఆనించి, "అవు, పోయింది" అన్నారు. తర్వాత కొత్త సెల్లు తాను వెయ్యలేదు. వదిన చేతిలో పెట్టారు. కుట్లు ఎలా విప్పాలి, ఏ పక్క పైకి ఉండాలి, మళ్ళీ ఎలా కుట్టాలి. నన్ను మధ్యలో మాట కలపనివ్వలేదు. "నేను వేసుకుంట కూసుంటే, నేను పోయిన్నాడు ఇది కూడ పోతది" అన్నారు. అప్పుడు పోవడం అంటే ట్రాన్స్‌ఫర్ అనుకున్నాను.

మా వాడలో తొట్టెల ఎవరూ కొనరు. ఒకటి ఇల్లిల్లూ తిరుగుతుంది. మా పిల్ల నడక నేర్చాక తొట్టెల నాలుగిళ్ళ అవతలికి పోయింది. ఆ ఇంటి కోడలికి చెవులు బాగానే వినపడతాయి. అయినా వచ్చి, "తాయెత్తు గూడ ఇయ్యరాదు" అని అడిగింది. మగ్గం మీద కూర్చుంటే తనకూ ఏమీ వినపడదని ఆమె చెబుతుంటే అన్న తల వంచుకున్నాడు. ఆ రోజు రెండు చేతుల దూరంలో అతనూ ఉన్నాడు కదా. మేడం విని, "చూసినవా, మీ వదిన కోసం చేసింది వాడకు పనికొచ్చింది" అని మాత్రం అన్నారు. తర్వాత ఇంకో జత చేశారు, ఆ తర్వాత ఇంకోటి. చివరివి రెండూ వదినే అతికించింది. సీసం కరిగించి అతికేటప్పుడు లేచే రాజనం పొగ కళ్ళల్లోకి పోతే ఇద్దరూ ఒకేసారి ముఖాలు పక్కకు తిప్పడం కిటికీలోంచి కనిపించేది. వాళ్ళిద్దరూ మాట్లాడుకోవడానికి అప్పటికి నేను అక్కర్లేదు. కొంచెం కుళ్ళుకున్నాను, నిజమే.

ఉద్యోగం అయిపోయాక మేడం నాగర్‌కర్నూల్ వెళ్ళిపోయారు. నేను బి.ఎడ్. చెయ్యాలా వద్దా అని ఊగుతుంటే, "పిల్లలకు చెప్పు. నీ నోటికి జీతం గూడ వస్తది" అని ఫోన్‌లో అన్నది ఆమెనే. అందుకే ధరూర్ బడిలో ఉన్నాను. ఆమెకు నేను థాంక్స్ చెప్పినప్పుడల్లా మాట మార్చేవారు. ఇక్కడ మార్చలేరు కాబట్టి చెబుతున్నాను. మేడం, మీరు మా ఇంటికి పిల్లను మిగిల్చారు. వదినకు తన బిడ్డను తాను పెంచుకునే హక్కు మిగిల్చారు. మాకు ఇంతకన్నా ఎవరూ ఏమీ ఇవ్వలేదు.

మేము నలుగురం పెబ్బేరు మీదుగా బస్సులు మారి నాగర్‌కర్నూల్ చేరాం. సంత రోజు కావడంతో పెబ్బేరు దగ్గర రోడ్డు మీద ఎడ్లు అడ్డం వచ్చి బస్సు చాలాసేపు ఆగింది, ఆలస్యమైపోతుందేమోనని అమ్మ ఒకటే పరేషాన్. చివరిచూపు దక్కింది. వదిన మేడం పాదాల దగ్గర కూర్చుని, వేలు నాలుక కొనకు ఆనించి, ఆ వేలిని మేడం పాదానికి తాకించింది. చుట్టూ ఉన్నవాళ్ళకు అర్థం కాలేదు. వచ్చేటప్పుడు మేడం తమ్ముడు పోపుల డబ్బా ఒకటి తెచ్చి, "ఇది మాకు తెల్వదు, మీ ఇంటికే పనికొస్తదని అక్క అంటుండె" అని వదిన చేతికిచ్చారు. మూత తియ్యకుండానే అది ఏ డబ్బానో మాకు తెలుసు.

గద్వాల చేరిన మరునాడు పొద్దున, మా వాడ చివరింటి కోడలు చంకలో చంటిదాన్ని ఎత్తుకుని, నల్ల గుడ్డ సంచి పట్టుకుని వచ్చింది. "వదినా, తాయెత్తు పలుకుతలేదు" అంది. ఈ ఏడే బడిలో వేసిన మా పిల్ల ఆ మాటను గబగబా చేతులతో వాళ్ళమ్మకు చెప్పింది. ఇప్పుడు ఆ పని నాది కాదు.

వదిన గడప మీద కూర్చుని కుట్లు విప్పింది. పోపుల డబ్బా తెరిచి, మేడం దాచిన సెల్లుల్లోంచి ఒకటి తీసింది. దాని అంచును నాలుక కొనకు ఆనించింది. చురుక్కుమందేమో, కళ్ళు చికిలించింది. బోర్డులో పెట్టి, కుట్టి, చివరింటికి తానే వెళ్ళి తొట్టెల తాడుకు కట్టింది. ఆ ఇంటి మగ్గం ముందు మేమందరం గుంపుగా నిలబడ్డాం. తొట్టెలలో చంటిది నిద్రకు పడింది. చట్రం మీద పచ్చ దీపం ఒకసారి మినుకుమంది. కాసేపు ఆగి, మళ్ళీ మినుకుమంది.